విషపు చెత్తకు వేరే దారి ఏది?

సాతంరాయి: మాడిపోయిన ట్యూబులైటు, గడువు తీరిన మందుబిళ్లలు, వాడేసిన ఇంజెక్షన్ సూది, అడుగున కొంత మిగిలిన పురుగుమందు డబ్బా, పాత బ్యాటరీ. వీటిలో ఏదో ఒకటి లేని ఇల్లు నేడు అరుదు. ఇవన్నీ కూరగాయల తొక్కలతో కలిసి ఒకే బుట్టలో పడుతుండడమే అసలు చిక్కు.

పెంటకుప్పలో మురిగి ఎరువయ్యే చెత్త కాదు ఇది. ట్యూబులైటు పగిలితే అందులోని పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. డబ్బాలో మిగిలిన పురుగుమందు వాననీటితో కుంటకు, బావికి చేరుతుంది. సూది చెత్త ఎత్తే కార్మికురాలి చేతికి గుచ్చుకుంటుంది. 2008లో విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ ప్రాంతంలో ఇళ్లు పెరిగాయి, వాటితోపాటు ఈ చెత్తా పెరిగింది. పక్కనే హిమాయత్‌సాగర్ జలాశయం ఉన్నదన్న సంగతి మరువరాదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

తడి, పొడి చెత్తతోపాటు ఇంటి ప్రమాదకర చెత్తను మూడవ రకంగా వేరుచేయాలని కేంద్రం 2016లోనే ఆదేశించింది. పట్టణాలలో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం నెలకొల్పి, తెరిచి ఉండే వేళలు ప్రకటించవలసిన బాధ్యత స్థానిక సంస్థలదేనన్నది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త నిబంధనలు దీనిని ‘ప్రత్యేక జాగ్రత్త చెత్త’ అన్నాయి. ఇవి గ్రామాలకూ వర్తిస్తాయి.

శంషాబాద్ 2018లో పురపాలక సంఘమైంది. 2025 డిసెంబరులో మహానగర సంస్థలో కలిసింది. కార్యాలయం బోర్డు మారినంత మాత్రాన బాధ్యత మారదు. వేరుచేయడం ఇంటివారి పని, వేరుగా తీసుకొనిపోవడం స్థానిక సంస్థ పని. ఇల్లాలు విడదీసి ఇచ్చినది బండిలో మళ్లీ కలిసిపోతే, మరునాడు ఆమె విడదీయదు.

ఇంట్లో చేయదగినది

సూదులను మూత ఉన్న గట్టి డబ్బాలో వేయాలి. పగిలిన ట్యూబులైటును చీపురుతో ఊడవక, కిటికీలు తెరిచి, అట్టముక్కతో ఎత్తి మూతపెట్టాలి. పురుగుమందు డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోయాలి. డబ్బాకు చిల్లు పెడితే తిరిగి నీళ్లకు, నూనెకు వాడరు. వీటిలో దేనినీ కాల్చరాదు, కాలువలో పారవేయరాదు.

ఇలా దాచినది ఎక్కడ, ఏ రోజున ఇవ్వాలో ప్రతి వార్డు కార్యాలయం, పంచాయతీ గోడపైన రాసి ఉండాలి. లేకుంటే అడిగి రాయించుకోవడం ప్రజల హక్కు.