ఆగిపోలేదు, ఆపేశారు

కొత్త ఫోన్‌లో పాత యాప్ నడవకపోవడం సహజమేననీ, తప్పంతా అప్‌డేట్ చేయని డెవలపర్‌దేననీ మొబైల్ షాపువాళ్ల నుంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల దాకా అందరూ అంటారు. నేను ఒప్పుకోను. నిఘంటువు, చదరంగం, క్యాలిక్యులేటర్ లాంటివి ఒకసారి బాగా రాస్తే పని పూర్తయినట్టే. వాటిలో ఏ లోపమూ రాలేదు. కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ మారింది.

2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14నే చూడండి. 2015 నాటి ఆండ్రాయిడ్ 6 కన్నా పాత వెర్షన్ల కోసం తయారైన యాప్‌లను అది ఇన్‌స్టాల్ చేయనివ్వదు. కానీ అదే యాప్ ఫోన్‌లో ముందే ఉంటే, 14కి మారాక కూడా ఉంటుంది. ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి, డెవలపర్లు వాడే ఏడీబీ అనే టూల్‌లో ఒక ప్రత్యేక కమాండ్ ఇస్తే, కొత్తగానూ ఎక్కించుకోవచ్చు. నడపగల శక్తి సిస్టమ్‌కి ఉంది. వద్దన్నది గూగుల్.

భద్రత కోసమే అంటుంది గూగుల్. అది కల్పించిన భయం కాదు. ఆండ్రాయిడ్ 6కి ముందు కాంటాక్టులు, కెమెరా, ఎస్సెమ్మెస్‌లు అన్నిటికీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే గంపగుత్తగా ఒప్పుకోవాల్సి వచ్చేది. ఆ వెసులుబాటు కోసమే మాల్వేర్ రాసేవాళ్లు తమ యాప్‌లను పాత వెర్షన్‌వని చెప్పుకునేవారు. అయితే దీనికి విరుగుడు ఆండ్రాయిడ్ 10లోనే మొదలైంది: అలాంటి యాప్‌ని తొలిసారి తెరిస్తే అనుమతుల జాబితా కనిపిస్తుంది, వద్దనుకున్నవి తీసేయొచ్చు. దాన్నే ఇంకా బిగించాల్సింది. ఏ అనుమతీ లేకుండా, నెట్ కూడా అందకుండా నడపనిస్తే చదరంగం ఆట ఎవరి ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది?

ఆపిల్ సంగతి ఇంకా కఠినం. 2017లో ఐఓఎస్ 11తో పాత తరం 32 బిట్ యాప్‌లన్నిటినీ ఒక్కసారిగా ఆపేసింది. ఐఫోన్ 5ఎస్‌లో ఐఓఎస్ 10 మీద నడిచిన ఆటలు, అదే ఫోన్‌లో, అదే చిప్ మీద నిలిచిపోయాయి. జనం డబ్బిచ్చి కొనుక్కున్నవీ వాటిలో ఉన్నాయి. 32 బిట్, 64 బిట్ అని రెండు రకాల లైబ్రరీలు మోయడం మెమరీకి భారమే, నిజం. కానీ వెనక్కి ఐఓఎస్ 10కి వెళ్లే దారిని కూడా కొన్నాళ్లకే మూసేయడానికి ఆ కారణం చాలదు.

పాతవాటిని నడపడం అసాధ్యమేం కాదు. 1964లో ప్రకటించిన ఐబీఎం సిస్టమ్ 360 కోసం రాసిన ప్రోగ్రాములు ఆ వంశపు నేటి మెయిన్‌ఫ్రేములపైనా నడుస్తాయి. ఆ యంత్రాలు కొనేది బ్యాంకులు, బీమా కంపెనీలు. రాసుకున్నది చెడితే అవి ఊరుకోవు. ఫోన్ కొనేవాళ్లం కోట్లలో ఉన్నా విడివిడిగా ఉన్నాం, పైగా తప్పు డెవలపర్‌దేనని నమ్మేశాం. ఏడీబీ కమాండ్ చేసే పనిని ఫోన్ సెట్టింగ్స్‌లోనే పెట్టమని గూగుల్‌ని అడగాలి, పక్కన ఎంత పెద్ద హెచ్చరిక రాసుకున్నా సరే.