వెలిగొండ: శిలాఫలకానికి తేదీ ఉంది, నీళ్లకు లేదు

తర్లుపాడు, మార్కాపురం ప్రాంతంలో నాయకుల మాటకు విలువెంతో తెలియాలంటే వెలిగొండ పేరెత్తితే చాలు. 1996లో చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో జలయజ్ఞం కింద పనులు ఊపందుకున్నాయి. 2024 మార్చి 6న, ఎన్నికల ముందు, జగన్మోహన్ రెడ్డి జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. నల్లమల సాగర్‌లోకి మాత్రం నీళ్లు రాలేదు. ముంపు గ్రామాల పునరావాసం పూర్తి కాకుండా వచ్చే వీలూ లేదు.

ఆలస్యానికి కారణాలున్నాయి. నల్లమల కొండల కింద ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా తవ్వాల్సిన సొరంగాలవి. ఆ కష్టాన్ని మేము కాదనడం లేదు. కానీ ఆలస్యం వేరు, కాని పనిని అయిందని చెప్పడం వేరు. పశ్చిమ ప్రకాశంలో నమ్మకం పోయింది రెండోదాని వల్లే.

ఈ ప్రాజెక్టు లక్ష్యం 43.5 టీఎంసీల కృష్ణా వరద నీరు, 4.47 లక్షల ఎకరాల సాగు, 15.25 లక్షల మందికి తాగునీరు. ఈ అంకెలు సభల్లో విని విని జనానికి నోటికొచ్చేశాయి. నీళ్లు రాని ప్రతి ఏడూ అందరికీ ఒకేలా గడవదు. భూమి, డబ్బు ఉన్న రైతు ఇంకో బోరు వేయించుకుంటాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగలేనివాడు క్యాన్ కొనుక్కుంటాడు. దళితవాడలో భూమిలేని కూలి కుటుంబం ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకుంటుంది, లేదంటే పిల్లల చదువు ఆపి వలస పోతుంది.

బాబాసాహెబ్ 1935లో యేవలాలో తాను హిందువుగా చావనని ప్రకటించారు. నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించింది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్లు! ఆ మాట చల్లారిపోలేదు. 1936లోనే బొంబాయిలో మహర్ల సభ పెట్టి మతం ఎందుకు మారాలో వివరంగా చెప్పారు. ఏ దారి పట్టాలో ఏళ్ల తరబడి చదివారు, వాదించారు. అప్పటిదాకా అయిపోయిందని మాత్రం ఎక్కడా అనలేదు.

వెలిగొండకు ఆ కొలత పెట్టి చూద్దాం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. భూమి ఉన్నవాళ్లే కాదు, ఆ భూమి మీద బతికే కూలీలు, కౌలుదారులూ బాధిత కుటుంబాలే. కాబట్టి రేపు ఏ పార్టీ నాయకుడైనా నీళ్లు వదిలే తేదీ చెబితే, అంతకు ఆరు నెలల ముందు తేదీన ముంపు గ్రామాల్లో ఏం జరిగిందో అడగాలి. ఆ లెక్క తప్పితే పైతేదీ కూడా ఉత్తదే.

సొరంగాలున్న దోర్నాల మండలం ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గమైన యర్రగొండపాలెంలో ఉంది. అంటే ఈ ప్రశ్న మనవాళ్లకూ తగులుతుంది, వాళ్లను ముందు అడగాలి కూడా. పరిహారం జాబితాను గ్రామసభలో పైకి చదివించమనండి. అందులో కూలి కుటుంబాల పేర్లు ఎన్ని ఉన్నాయో అక్కడే లెక్కపెట్టండి.