రేవున కానరాని అనుమతి

ఏటిని దాటువానికి పడవపై నమ్మకము తప్ప వేరు దిక్కు లేదు. బండి చక్రము విరిగినచో దిగి నడువవచ్చును. రైలు ఆగినచో పట్టాల వెంబడి పోవచ్చును. నడి గోదావరిలో పడవ యొరిగినచో దిగుటకు నేల యుండదు. కావుననే ప్రజలను దాటించు పడవలను సర్కారువారు పరీక్షించి, ఇంతమందిని మాత్రమే యెక్కింపవలెనని నిర్ణయించి, అనుమతి పత్రము నిచ్చుచున్నారు. ఆ పత్రము పుట్టినది పడవ యెక్కువాని ప్రాణరక్షణ కొరకు. అట్టి పత్రము పడవ యెక్కువానికి దక్క తక్కిన వారందరికిని కనబడుచున్నది. నేడు మేము విచారింపదలచిన విషయ మిదియే.

మన పాలకొల్లు నీటిదారులకు కొత్తది కాదు. 17వ శతాబ్దముననే ఒలందావారు ఇచ్చట వర్తకస్థానము నేర్పరచుకొనిరి. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించినపుడు కాలువలను సేద్యమునకే గాక పడవ ప్రయాణమునకును పనికివచ్చునట్లు లాకులతో నిర్మించిరి. నరసాపురము కాలువ మన పట్టణము మీదుగా పారుచున్నది; ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపినది. 1890లోనే చెన్నరాజధాని ప్రభుత్వమువారు కాలువలకును ప్రజల రేవులకును ప్రత్యేక శాసనమును చేసి పడవలకు లైసెన్సు పద్ధతి నేర్పరచిరి. పిమ్మట రైలును, మోటారు లారీయు వచ్చినవి. కాలువలలో పడవ సరకు అంతరించినది. కాని నది దాటు అవసరము అంతరింపలేదు. చించినాడ వద్ద వంతెన పడినను నరసాపురమునుండి సఖినేటిపల్లికి పంటుపై దాటుట మన జీవితములో భాగమైనది. యలమంచిలి మండలములోని కనకాయలంకవారికి వరద వచ్చి కాజ్‌వే మునిగిన ప్రతి యేడును పడవయే గతి. 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటిన దినములలో లంకవాసులకు పాలును మందును బియ్యమును చేర్చినవి పడవలే.

ఇక ఇటీవలి సంగతులను స్మరింతము. 2017 నవంబరు 12వ తేదీన కృష్ణలో పవిత్రసంగమము చెంత విహారపు పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మృతిచెందిరి. ఆ పడవకు అనుమతి లేదని లోకమునకు తెలిసినది మునిగిన పిమ్మటనే. 2018 మే 15వ తేదీన దేవీపట్నము మండలమున గాలివానలో లాంచీ మునిగినది. అదే యేడు జూలై 14వ తేదీన ఐ. పోలవరము మండలము పశువుల్లంక వద్ద, బడినుండి ఇంటికి మరలుచున్న పిల్లలతో కూడిన నాటుపడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు కొట్టుకొని తలక్రిందులైనది. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అను నౌక కచ్చులూరు వద్ద మునిగినది. అందు సుమారు 77 మంది యుండగా 26 మంది మాత్రమే బయటపడిరి. వారిని ఒడ్డునకు చేర్చినవారు కచ్చులూరు గిరిజనులు. కాకినాడ నుండి వచ్చిన ధర్మాడి సత్యము బృందమువారు ఆ నౌకను పైకి లాగునప్పటికి అక్టోబరు 22వ తేదీ యైనది.

ఈ దుర్ఘటన లన్నిటి యందును ఒక విచిత్రము కలదు. పడవ మునిగినంతనే మొదట పైకి తేలునది లైసెన్సును గూర్చిన ప్రశ్న. లైసెన్సు కలదా? ఏ శాఖవారిచ్చిరి? ఎంతమందికి? గడువెన్నడు? ఈ ప్రశ్నలన్నియు మంత్రులును, పత్రికలును, విచారణాధికారులును వేయుదురు. ఇవి యెక్కువాడు ఎక్కుటకు ముందు వేయవలసిన ప్రశ్నలు. వానికి జవాబు గట్టుమీదనే యుండిన యెడల పిదప విచారణకు పని యెంత తగ్గి యుండును!

చట్టమున ఈ విషయము లేదా యన్నచో, చాలకాలము నుండి కలదు. 1917 నాటి దేశాభ్యంతర నౌకల చట్టములోనే, యంత్రముతో నడచు నౌక పరీక్షాపత్రమును నౌకలో నున్నవారందరును సులభముగ చదువుకొనదగిన తావున అంటించి యుంచవలెనను విధి యుండెను. దాని స్థానమున 2021లో పార్లమెంటు కొత్త చట్టమును చేయగా 2022లో అది అమలునకు వచ్చినది. పరీక్ష, రిజిస్ట్రీ, సిబ్బంది యోగ్యత, భీమా, ఇవన్నియు అందు చేరినవి. యంత్రము లేని నాటుపడవల నమోదును స్థానిక స్వపరిపాలన సంస్థలకు అప్పగించు మార్గమును అందు చూపిరి. చట్టముల కొరత మనకు లేదు.

అయినను 1917 నాటి విధిలోని మాటను న్యాయవాదులమైన మేము కొంచెము తరచి చూడవలసి యున్నది. చదువవలసినవారు ఎవరు? నౌకలో నున్నవారు. అనగా డబ్బు చెల్లించి, పలకపై నడచి, లోపల చేరినవారు. అప్పటికి మోకు విప్పుటయు జరిగిపోయి యుండును. చదివి లాభమేమి? ఒప్పందమునకు ఎరుక ప్రాణము. సరకు కొనువానికి తూకము కొనకముందు చూపవలెను గాని, సంచిలో పోసిన పిమ్మట చూపిన యెడల అది వర్తకమగునా?

ఆచరణమున ఆ మాత్రమును లేదు. మేము ఒకానొక రేవున పడవ యెక్కబోవుచు లైసెన్సు చూపుడని యడిగితిమి. “ఆఫీసులో నున్నదండీ” అని యొకరును, “లోపల పెట్టెలో నున్నదండీ” అని మరియొకరును చెప్పిరి. పట్టుపట్టగా చూపినది నకలుకు నకలు. భాష ఇంగ్లీషు. తేమకు అక్షరములు చెదరినవి. గడువు తేదీ యున్న తావున మడతపడి చినిగినది. జనసంఖ్య గడిలోని యంకె 3 యో 8 యో నిర్ణయింప మాకే శక్యము కాలేదు. చదువురాని కూలీకి, బిడ్డ నెత్తుకొన్న తల్లికి అది యేమి చెప్పగలదు? ఏటి తేమలో కాగితము నిలువదని పడవ నడుపువానికి తెలియును. లైసెన్సు వ్రాయు కచ్చేరీకి తెలియకపోవుట ఆశ్చర్యము.

ఇంకొక చిక్కు కలదు. 2022 ఏప్రిలులో జిల్లాలు విభజింపబడిన పిమ్మట వశిష్ఠకు ఒకవైపున పశ్చిమగోదావరి, మరియొకవైపున కోనసీమ జిల్లా. పడవ ఒక జిల్లాలో బయలుదేరి వేరొక జిల్లాలో తీరము చేరును. రేవు పాట ఒకరిది, పడవ పరీక్ష మరియొకరిది, విహారనౌకల పెత్తనము ఇంకొకరిది, వరద హెచ్చరిక వేరొకరిది. ఇన్ని చేతులు మారు బాధ్యత నీటిలో జారుట వింత కాదు. కచ్చులూరు దుర్ఘటన పిమ్మట ప్రభుత్వమువారు విహారనౌకల నన్నిటిని ఆపించి, లైసెన్సులను మరల పరీక్షింపజేసి, 2020లో ముఖ్యమైన విహార రేవులలో నియంత్రణ కేంద్రములను తెరచిరి. అది మెచ్చదగినదే. కాని పాపికొండల యాత్రికునకు దొరకిన రక్షణ, నిత్యము కూలికై దాటు లంకవాసికి దొరకవలదా? యాత్రికుడు ఏడాది కొకసారి పడవ యెక్కును. లంకవాసి దినమునకు రెండుసార్లు ఎక్కును.

ఈ విషయమున ఇంగ్లండు చరిత్ర మనకు చక్కని పాఠము చెప్పుచున్నది. అధికభారముతో నావికులను మృత్యువు నోట ద్రోయు నౌకాధిపతులపై శామ్యూల్ ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుడు ఏండ్ల తరబడి పోరాడగా, నౌక పక్కన భారరేఖను గీయవలెనని 1876లో శాసించిరి. కాని ఆ రేఖ యెచ్చట నుండవలెనో చెప్పక దానిని నౌకాధిపతుల యిష్టమునకే విడిచిరి. రేఖ యున్నది, రక్షణ లేదు. 1890లో దాని స్థానమును చట్టము నిర్ణయించిన పిమ్మటనే ఆ గీతకు విలువ వచ్చినది. ఎచ్చట, ఎట్లు, ఎవరికి కనబడవలెనో చెప్పని ప్రకటన విధి ఎంతటి బోలుదో ఇంతకంటె వేరు సాక్ష్యము వలదు.

మన పొరుగు సీమ చూడుడు. మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్ 1924 జనవరిలో పల్లన వద్ద జనము క్రిక్కిరిసిన పడవ మునిగి అసువులు బాసెను. దాదాపు నూరేండ్లకు, 2023 మే 7వ తేదీన, అదే కేరళమున తానూరు వద్ద చేపల పడవను విహారనౌకగా మార్చి, లైసెన్సు లేకయే, మితిమీరి జనమును ఎక్కించగా 22 మంది మరణించిరి. నూరేండ్లలో యంత్రములు మారినవి. అదనపు టిక్కెట్టు మీది యాశ మారలేదు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. లైసెన్సు వ్రేలాడదీసినంత మాత్రమున పడవ మునుగదా యని కొందరందురు. నిజమే. సుడిగుండము లైసెన్సును చదువదు. కాని ఎక్కువాడు చదువును. నలువదిమందికని వ్రాసియున్న పడవలో ఏబదవవాడుగ ఎక్కబోవు వానిని ఆ యంకె ఆపును. ఆపకున్నను, పక్కనున్న వాని నోటికి మాట నిచ్చును. బీద పడవవానిపై ఇది భారమని మరికొందరందురు. ఈ ఆక్షేపణను మేము గౌరవింతుము. తరతరములుగ ఏటిని నమ్ముకొన్న పల్లెకారుని తెడ్డును రూళ్ల పేరిట లాగికొనుట మా యభిమతము కాదు. అతని పడవపై రంగుతో నాలుగు మాటలు వ్రాయించు ఖర్చును పంచాయతీయే భరింపవలెను. ఒక్కొక్క పడవకు అది డబ్బా రంగు, ఒకపూట కూలి. రేవు పాటవలన వచ్చు రాబడిలో ఇదెంత?

కావున మా సూచనలివి. మొదటిది, లైసెన్సు వివరములు పడవలోపల గాక, టిక్కెట్టు తీసుకొను చోటనే, గట్టుమీద, పెద్ద బల్లపై తెలుగున ఉండవలెను: పడవ పేరు, అంకె, సిబ్బందితో కూడ ఎంతమంది, గడువు తేదీ, లైసెన్సు నిచ్చిన యధికారి హోదా, ఫిర్యాదు చేయదగిన టెలిఫోను నంబరు. రెండవది, ఆ యంకెయు జనసంఖ్యయు పడవకు రెండు పక్కల, ఒడ్డునుండి కానవచ్చునంత అక్షరములతో, రంగుతో వ్రాయవలెను. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, పడవ పక్కన ఎర్రగీత యొకటి పరీక్షాధికారియే గీయింపవలెను. గీత నీట మునిగినచో మోకు విప్పరాదు. దీనికి చదువు అక్కరలేదు. ఏడేండ్ల పిల్లవాడును చెప్పగలడు. నాలుగవది, ఏటి మట్టము ఎంత దాటినచో రాకపోక లాగవలెనో అదియు ఆ బల్లపై నుండవలెను. ఎండకాలపు లైసెన్సు వరదకాలమున చెల్లరాదు. ఐదవది, రెండు జిల్లాల కలెక్టరులును కూడి ప్రతి రేవునకు బాధ్యుడైన ఒక్క యధికారిని పేర్కొనవలెను.

సర్కారు చేయవలసినది ఇది. మన వంతు ఏమి? 1935లో పాతూరి నాగభూషణము గారి పూనికచే కృష్ణా కాలువలలో నౌకా గ్రంథాలయము నడచెను. పడవ ప్రయాణికులకు పుస్తకముల నందించిన ఆంధ్రదేశమిది. నాడు పడవలోనికి గ్రంథములనే పంపగలిగిన మన పఠనాలయములు, నేడు రేవునకు ఆరు వాక్యములను పంపలేవా? పాలకొల్లు, నరసాపురము, యలమంచిలి ప్రాంతముల పఠనాలయ సభ్యులు రేవు కొక యిద్దరు చొప్పున పోయి, బల్ల కలదో లేదో, గడువు మించినదో లేదో చూచి వ్రాసి, ఆ జాబితాను కలెక్టరునకును పంచాయతీకిని పంపుడు. రెండవ నెల మరల పోయి చూడుడు. స్వరాజ్యమనగా ఏలుబడి మారుట మాత్రమే కాదని పెద్దలు చెప్పిరి. మన ప్రాణమునకు సంబంధించిన కాగితమును మనము చదువగలుగుటయు స్వరాజ్యములోనిదే.

పడవవానితో కలహింపవలదు. “ఎంతమందికండీ?” అని మర్యాదగ నడుగుడు. గీత మునిగియున్నచో ఎక్కకుడు; తరువాతి పడవకై అరగంట కూర్చుండుడు. రేవున పదిమంది అట్లు కూర్చుండిననాడు ఏ యజమానియు పదునొకండవవానిని పిలువ సాహసింపడు. తొలకరికి ముందే ఈ పని ముగియవలెను. ఎర్రనీరు దిగిన పిమ్మట బల్లలు పాతుటకు గట్టు దొరకదు.