చూచే కళ్ళజోడు, వినిపించే కళ్ళజోడు

కళ్ళజోడు మనిషికి చేసిన ఉపకారం సామాన్యమైనది కాదు. చత్వారం వచ్చిన పండితుని చేతిలో మళ్ళీ పుస్తకం పెట్టినది అదే. వెనుక బల్లమీది బాలునికి నల్లబల్లమీది అక్షరాన్ని చూపినదీ అదే. ఇంతకాలమూ అది ధరించినవారికి లోకాన్ని చూపుతూ వచ్చినది. ఇప్పుడు తానే లోకాన్ని చూచే కళ్ళజోడు అంగడికి వచ్చినది. దానికి స్మార్ట్ కళ్ళజోడు అని పేరు. చవక రకం కొనడమా, ఖరీదు రకం కొనడమా అన్న ప్రశ్న యువకులలో తలెత్తడం సహజం. అయితే ఆ విచారణ ధర దగ్గర ఆరంభమై ధర దగ్గరే ఆగిపోవడం సరి కాదు.

మొదట చవక రకం సంగతి. 2022లో టైటన్ సంస్థ 9,999 రూపాయలకు, నాయిస్ సంస్థ 5,999 రూపాయలకు ఇటువంటి కళ్ళజోళ్ళను మన దేశంలో విడుదల చేసినవి. వీటి కాడలలో చిన్న స్పీకర్లు, మైకు ఉంటవి. చెవిలో ఏదీ దూర్చుకోకుండానే ఫోనులో మాట్లాడవచ్చు, సంగీతమో ప్రసంగమో వినవచ్చు. ఇంతకుమించి ఇవి చేసేది స్వల్పం. ఇవి వినిపించే కళ్ళజోళ్ళు.

ఖరీదు రకం మరొక తీరు. రేబాన్, మెటా సంస్థలు కలిసి 2023లో రూపొందించిన కళ్ళజోడు 2025 మే నెలలో 29,900 రూపాయల ప్రారంభ ధరతో మన దేశానికి వచ్చినది. దానిలో స్పీకర్లతోపాటు 12 మెగాపిక్సెళ్ళ కెమెరా ఉన్నది. నోటితో ఆజ్ఞాపిస్తే ఎదుటి దృశ్యాన్ని చిత్రిస్తుంది. ఆ దృశ్యం గురించి అడిగితే కృత్రిమ మేధ సాయంతో సమాధానం చెబుతుంది. 2025 సెప్టెంబరులో అమెరికాలో 799 డాలర్లకు విడుదలైన మరొక నమూనాలో కుడి అద్దంమీదనే అక్షరాలు, చిత్రాలు కనిపిస్తవి. ఇవి చూచే కళ్ళజోళ్ళు.

నిత్యజీవితమనే గీటురాయిమీద ఈ రెండింటినీ గీచి చూడవలె. కళ్ళజోడు తెల్లవారినది మొదలు నిద్రపోయేవరకు ముఖంమీద ఉండవలసిన వస్తువు. 2023 నాటి మెటా కళ్ళజోడు ఒకసారి ఛార్జి చేస్తే 4 గంటలు, 2025 నాటి కొత్త నమూనా 8 గంటలు పనిచేస్తుందని ఆ సంస్థే ప్రకటించినది. 5,999 రూపాయల నాయిస్ కళ్ళజోడుకు దాని తయారీదారులు చెప్పినది 9 గంటలు. అయిదింతలు ధర పెట్టినవారికి అయిదింతలు కాలం రాలేదు. చేసే పని ఎక్కువ గనుక శక్తి త్వరగా వ్యయమవుతుందని సమాధానం చెప్పవచ్చు. కాని ఛార్జి అయిపోయిన తరువాత రెండు రకాలూ ముక్కుమీద బరువైన మామూలు కళ్ళజోళ్ళే. మామూలు ఫ్రేము మర ఊడితే ఊరిలోని కళ్ళద్దాల దుకాణంలో నిమిషంలో బిగిస్తారు. కాడలో తీగలు, బ్యాటరీ ఇమిడిన దానిని ఆ దుకాణదారుడు ముట్టుకోవడానికి జంకుతాడు.

విద్యార్థికి ఇంతకన్న పెద్ద చిక్కు ఒకటి ఉన్నది. పరీక్షాకేంద్రాలలోకి ఎలక్ట్రానిక్ పరికరాలను రానివ్వరు. తన పవరు అద్దాలను స్మార్ట్ ఫ్రేములోనే బిగించుకున్న కుర్రవాడు గుమ్మం దగ్గర దానిని తీసి ఇచ్చి, మసక కళ్ళతో ప్రశ్నపత్రం ముందు కూర్చోవలసి వస్తుంది. కనుక ఏ రకం కొన్నా మామూలు కళ్ళజోడు ఒకటి ఇంట ఉండక తప్పదు.

ఇంతవరకు లాభనష్టాలు ధరించినవానివే. అసలు భేదం ఎదుటివాని విషయంలో ఉన్నది. వినిపించే కళ్ళజోడుకు మూల్యం కొన్నవాడే చెల్లిస్తాడు. చూచే కళ్ళజోడుకు ఎదుటివారు కూడా, తమకు తెలియకుండానే, కొంత చెల్లిస్తారు. సెల్‌ఫోనులోనూ కెమెరా ఉన్నది కదా అని కొందరు అనవచ్చు. ఫోను ఎత్తిన చేయి కనిపిస్తుంది. వద్దని చెప్పే వ్యవధి ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకున్నవాడు ఊరక చూస్తున్నాడో, చిత్రిస్తున్నాడో ఎవరికి తెలుసు? చిత్రించేటప్పుడు వెలిగే చిన్న దీపాన్ని తయారీదారులు అమర్చిన మాట నిజమే. ఆ దీపానికి అర్థం తెలియనివారికి అది వెలిగినా ఒకటే, వెలగకున్నా ఒకటే. 2024లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు ఇటువంటి కళ్ళజోడు పట్టిన ముఖచిత్రాలతో, దారిన పోయే అపరిచితుల పేర్లను, చిరునామాలను సైతం రాబట్టవచ్చునని లోకానికి హెచ్చరికగా చేసి చూపినారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది.

తరగతిగది నమ్మకంమీద నడిచే చోటు. పద్యం తప్పు చదివి నవ్వులపాలైన పిల్లవాడు, ఆ నవ్వు ఆ గంటతోనే పోతుందని నమ్ముతాడు గనుకనే మరునాడు మళ్ళీ లేచి చదువుతాడు. తన తడబాటు పక్కవాని కళ్ళజోడులో చిక్కి ఊరంతా తిరగవచ్చునని తెలిస్తే అతడు లేవడు. తప్పు చేయడానికి భయపడే చోట విద్య అబ్బదు. ఉపాధ్యాయుని విషయమూ అంతే.

అయితే చూచే కళ్ళజోడును పూర్తిగా నిరసించడం అవివేకం. చూపు లేనివారికి దానివల్ల కలిగే మేలు అపారం. అంధులకు వీడియో పిలుపు ద్వారా స్వచ్ఛంద సేవకుల చూపును అరువిచ్చే ‘బీ మై ఐస్’ అనే సేవ 2015లో ఆరంభమైనది. 2024లో అది ఈ కళ్ళజోళ్ళతో జతపడినది. చేతికర్ర పట్టుకున్న చేయి ఖాళీ లేనివారికి, ఎదుట ఉన్న బోర్డును చదివి చెప్పే కళ్ళజోడు విలాసవస్తువు కాదు. వారి విషయంలో ముప్పయివేలు అధికమని ఎవరూ అనరాదు. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘కంటి వెలుగు’ పేర ప్రభుత్వాలే కంటి పరీక్షలు జరిపి ఉచితంగా కళ్ళజోళ్ళు ఇచ్చినవి. ఆ బాటలోనే అంధ విద్యార్థులకు ఈ సాధనం అందించడం ఆలోచించదగిన విషయం.

మిగిలినవారికి తేలే విషయం ఒకటే. చవక సరుకులోనూ కెమెరా దాచిన కళ్ళజోళ్ళు దొరుకుతున్నవి గనుక ధర ఒక్కటే కొలత కాజాలదు. కొనబోయేవారు మొదట అడగవలసిన ప్రశ్న, ‘దీనికి కన్ను ఉన్నదా?’ అని. కన్ను లేనిదైతే స్థోమతను బట్టి కొనుక్కోవచ్చు. కన్ను ఉన్నదైతే దానిని తరగతిగది గుమ్మం బయట తీసి లోనికి రావడం విద్యార్థికీ, ఉపాధ్యాయునికీ సమానమైన మర్యాద. ఆ మర్యాదను ప్రతి పాఠశాలా ఇప్పుడే నియమంగా వ్రాసుకొనడం మంచిది. ఈ వస్తువులు ఇంటింటికీ వచ్చిన తరువాత ఆ పని కష్టమవుతుంది.