పేరు కలిసినంత మాత్రాన మనిషి ఒకరే కారు

జకాత్ పంపిణీకీ, పేద విద్యార్థుల సహాయానికీ మన మస్జిద్ కమిటీలు, సంక్షేమ సంఘాలు జాబితాలు తయారుచేసుకోవడం కొత్త కాదు. ఆ జాబితాలను కలిపే సాధనమే కొత్తది. మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్ వంటి వేదికలపై, ప్రోగ్రామింగ్ అంతగా తెలియని యువకులు సైతం మొహల్లా సర్వేను, వితంతువుల జాబితాను, నిరుటి జకాత్ రిజిస్టరును ఒకే యాప్‌లో చేర్చగలరు. ఈ ప్రయత్నాలను మేము స్వాగతిస్తున్నాము. అయితే రెండు జాబితాల్లోని రెండు పేర్లు ఒకే మనిషివని ఏ ఆధారంతో తేల్చుతున్నారన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఈ కలయిక జరగరాదని మా అభిప్రాయం.

ఈ ప్రశ్న బరువు తెలంగాణ పేదలకు తెలుసు. వివిధ ప్రభుత్వ శాఖల రికార్డులను కలిపి, ఒక్కొక్క కుటుంబం స్థితిగతులను అంచనా వేసేందుకు అక్కడ ‘సమగ్ర వేదిక’ను నిర్మించారు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి పేరును, దానిని పోలిన పేరున్న మరొకరి కారుతో ముడిపెట్టిన ఫలితంగా ఆ నిరుపేద ముస్లిం కుటుంబం రేషన్‌కు దూరమైన ఉదంతం 2024లో పత్రికలకెక్కింది. అంతకుముందే, రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించవలసి వచ్చింది. యంత్రం చెప్పిన మాటను ఇంటి గుమ్మం దాకా వెళ్లి సరిచూడాలన్నదే ఆ ఆదేశంలోని సారం.

ఇటువంటి పొరపాటుకు మన పేర్లు సులభంగా లోనవుతాయి. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో షేక్ మస్తాన్ వలి అని పిలిస్తే ఒకే వీధిలో ఎందరో పలుకుతారు. ఒకే మనిషి ఒక కార్డులో ‘షేక్’, మరొక దానిలో ‘షైక్’, ఇంకొక చోట ‘ఎస్.కె.’ అవుతాడు. మహమ్మద్ ‘ఎండీ’గా, సయ్యద్ ‘ఎస్.డి.’గా కుదించుకుపోతారు. పుట్టింట ‘బీ’ అయిన స్త్రీ మెట్టినింట ‘బేగం’ కావచ్చు. కనుక పేరు ఆధారంగా కలిపితే రెండు రకాల అన్యాయం జరుగుతుంది: ఇద్దరు ఒకరైపోతారు, లేదా ఒకరే ఇద్దరైపోతారు. మొదటి దానివల్ల అర్హుడు జాబితా నుంచి జారిపోతాడు. రెండవ దానివల్ల నిజాయితీపరుడు రెండుసార్లు సహాయం పొందాడన్న నింద మోస్తాడు.

సాధనం పనితీరు ఈ ప్రమాదాన్ని దాచిపెడుతుంది. పవర్ యాప్స్‌లో ‘లుకప్’ అనే సూత్రం, అడిగిన షరతుకు సరిపోయే మొదటి రికార్డునే తెచ్చి చూపుతుంది. అదే పేరుగల రెండవ మస్తాన్ వలి ఉన్నాడని చెప్పదు. అలాగే పెద్ద పట్టికను యాప్ లోపలి జాబితాలోకి తెచ్చుకునేటప్పుడు మామూలు పరిమితి 500 వరుసలు. అమరిక మార్చినా అది 2000 దాటదు. 501వ కుటుంబం రాలేదన్న సంగతి తెరపై చూసే వలంటీరుకు తెలియదు. పేరు కనబడలేదు గనుక ఆ కుటుంబం అర్హత లేనిదనుకుని తిప్పి పంపుతాడు.

అందువల్ల జాబితాలు కలిపే ప్రతి సంఘమూ కొన్ని నియమాలు పాటించాలి. ప్రతి కుటుంబానికి సంఘం తానే ఒక సంఖ్య ఇచ్చి, అన్ని పట్టికలనూ దాని ఆధారంగానే కలపాలి. ఇందుకోసం ఆధార్ సంఖ్యలను అందరూ చూసే పట్టికల్లో పరచరాదు. కలపడానికి ముందు ప్రతి పట్టికలో ఎన్ని వరుసలున్నాయో లెక్కించి, కలిపిన తరువాత ఎన్ని జతపడ్డాయో, ఎన్ని మిగిలాయో సరిచూడాలి. జతపడని వివరాలను తొలగించక, వేరే జాబితాలో ఉంచి, ఆ మొహల్లా ఎరిగినవారిని ఇంటికి పంపాలి. ప్రతి వివరం ఏ రిజిస్టరు నుంచి, ఏ తేదీన వచ్చిందో అందులోనే కనబడాలి. ఆ కుటుంబాన్ని అడగకుండా ఎవరి పేరునూ కొట్టివేయరాదు. జకాత్ పుచ్చుకునేవారి పేర్లు కమిటీలో అవసరమైన వారికి తప్ప ఇతరులకు కనబడరాదు. పేదవాడి పరువు కూడా మన చేతిలోని అమానతే.

ఇంత జాగ్రత్త చిన్న సంఘాలకు భారమని కొందరు అనవచ్చు. కాని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో మనకు నేర్పింది. రాత ఒక్కటే చాలదు, దానికి సాక్షి కావాలి. నేటి పట్టికలకూ ఆ నీతి వర్తిస్తుంది.

ప్రభుత్వం మన కార్డును రద్దు చేసేముందు నోటీసు ఇవ్వాలని, మన మాట వినాలని మనం న్యాయంగానే కోరుతున్నాము. ఆ కోరికకు బలం చేకూరాలంటే, మన బైతుల్ మాల్ గుమ్మం వద్ద నిలిచిన వితంతువుకు కూడా అదే హక్కు ముందుగా మనమివ్వాలి.