కప్పతల్లికి పసుపు పూయకండి

వాన మొహం చాటేసిన ఏడు మన మెట్ట పల్లెల్లో పిలకాయలు రోకలికి వేపమండలు కట్టి, నడుమ కప్పను దారంతో బిగించి, వాన కోసం కప్పతల్లి పేరున ఇల్లిల్లూ తిరుగుతారు. ఆడవాళ్లు బిందెడు నీళ్లు కుమ్మరించి పసుపూ కుంకుమా పెడతారు. సోమశిల జలాశయం నిండినా ఉదయగిరి మెట్ట గొంతు తడవదు. ఆత్మకూరు దాటి పడమటికి వచ్చేకొద్దీ రైతు అక్టోబరు మబ్బుల కోసమే ఎదురుచూడాలి. అలాంటి చోట ఈ మొక్కును మూఢనమ్మకమని తీసిపారేయడం నాకు చేతకాదు. నా పేచీ పసుపుతో, దారంతో.

మనకు గాయమైతే చెయ్యి ముందు పసుపు డబ్బా మీదికే పోతుంది. కప్పకు అది వైద్యం కాదు. కప్ప నోటితో నీళ్లు తాగదు, ఒంటి చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగమూ ఆ చర్మం గుండానే. పొడి పూస్తే చర్మం మీది జిగురు ఆరిపోతుంది. కుంకుమలోని సున్నమో అద్దకపు రంగో నేరుగా లోపలికి దిగుతుంది. ఉప్పు, సబ్బు, ఫినాయిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మరి దెబ్బతిన్న కప్పను ఎలా చూసుకోవాలి? జపాన్‌లో, ఐరోపాలో న్యూట్ అనే బల్లి ఆకారపు ఉభయచరాన్ని తొట్లలో పెంచుకునేవాళ్లున్నారు. దాని బంధువులు మన దేశంలో డార్జిలింగ్, సిక్కిం, ఈశాన్య కొండల్లో తప్ప లేవు. జబ్బుపడిన న్యూట్‌ను వాళ్లు విడిగా, చల్లటి శుభ్రమైన నీళ్లలో ఉంచి, అవసరమైతే తప్ప ముట్టుకోరు. నీళ్ల లోతు తగ్గిస్తే మన కప్పకూ ఆ పద్ధతే సరిపోతుంది. ఇంకో తేడా: న్యూట్‌కు కాలు తెగితే మళ్లీ మొలుస్తుంది, ఎదిగిన కప్పకు మొలవదు. దారం బిగిసి తొడకు నెత్తురు ఆగిపోయిందా, ఆ కాలు పోయినట్టే.

పశువుల ఆసుపత్రికి గొర్రెనో గేదెనో తోలుకెళ్తాం గానీ కప్పను ఎవరు పట్టుకెళ్తారు? కాబట్టి రోడ్డు మీద బండి తగిలిందో, ఊరేగింపులో నలిగిందో కనిపిస్తే ఇంట్లోనే చేయగలిగింది ఇది. చేతులు సబ్బు లేకుండా కడిగి, తడితోనే పట్టుకోండి. మూతకు చిల్లులున్న డబ్బాలో తడిగుడ్డ పరిచి నీడన పెట్టండి. పక్కన పళ్లెంలో కాసిని నీళ్లు చాలు, లోతు ఎక్కువైతే నీరసించిన కప్ప మునిగిపోతుంది. బావి నీళ్లు లేకపోతే కొళాయి నీళ్లను వెడల్పు గిన్నెలో ఒక రోజు తెరిచి ఉంచండి, క్లోరిన్ పోతుంది. గుడ్డా నీళ్లూ రోజూ మార్చాలి. అన్నం మెతుకులు వేయకండి, అది కదిలే పురుగునే పడుతుంది. తేరుకున్నాక ఉసిళ్లో చిమటలో వదలండి. గోండ్రు కప్పయితే కళ్ల వెనక ఉబ్బుల్లో విషం ఉంటుంది, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి. గెంతగలిగిన సాయంత్రం, దొరికిన చోటే వదిలేయాలి. పెంపకం మాట వద్దు.

అసలు ఎండాకాలంలో తడి మట్టిలో దాక్కుని ప్రాణం నిలుపుకుంటున్న కప్పను తవ్వి తీసి ఎండలో తిప్పడమెందుకు? బంకమట్టితో కప్పను చేస్తే సరిపోదా? ఊళ్లో పెద్దలు ససేమిరా అంటే, దారం బదులు వదులుగా తడిగుడ్డ చుట్టండి, పసుపు రోకలికి పూయండి, పొద్దెక్కక ముందే ఊరేగింపు ముగించి చెరువుగట్టున వదలండి.