కిటికీలో అగ్నిపర్వతం

కొండను చూడాలన్న కోరిక మనిషికి కొత్తది కాదు. ప్రబంధకవులు పాటించిన అష్టాదశ వర్ణనలలో శైలవర్ణనకు స్థానమున్నది. అల్లసాని పెద్దన రచించిన 'మనుచరిత్రము'లో ప్రవరుడు తన ఇంటికి వచ్చిన అతిథుల నోట దూరదేశాల విశేషాలు విని ఉవ్విళ్ళూరాడు. సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని క్షణంలో హిమాలయం చేరాడు. కనులారా కొండను చూశాడు. కాని మంచు తగిలితే ఆ లేపం కరిగిపోతుందన్న ఎరుక ఆయనకు లేకపోయింది. చూడాలన్న ఉత్సాహమున్నది, చూడబోయే కొండ గుణం మాత్రం తెలియదు. ఇంటిదారి మూసుకుపోయిన తరువాతగాని ఆ లోపం బోధపడలేదు.

నేటి యాత్రికుడికి పాదలేపంతో పనిలేదు. విమానమున్నది, ముందుగా కుదుర్చుకున్న బస ఉన్నది, కిటికీ తెర తొలగిస్తే కనిపించే శిఖరమున్నది. కాని కొండ గుణం తెలుసుకోవలసిన అవసరం మాత్రం నాటికీ నేటికీ ఒక్కటే. ఆ కొండ అగ్నిపర్వతమైనప్పుడు ఆ అవసరం మరింత ఎక్కువ.

పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి దీవులు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక రాష్ట్రం. ఆ దీవులలో అన్నిటికంటె పెద్దదాని పేరు కూడా హవాయే. కొహాలా, మౌనా కేయా, హువలాలై, మౌనా లోవా, కిలవేయా అనే అయిదు అగ్నిపర్వతాలు కలిసి ఆ దీవిని నిర్మించాయి. దీని తీరాలలో సెలవులు గడపడానికి వచ్చేవారికోసం 'కాండో'లు అనే నివాసాలు వెలిశాయి. ఒకే భవనంలో ఒక్కొక్క వాటాకు ఒక్కొక్క యజమాని ఉండే సముదాయాన్ని కాండో అంటారు. యజమానులలో కొందరు తాము లేని రోజులలో తమ వాటాను రోజుల లెక్కన, వారాల లెక్కన అద్దెకిస్తారు. వంటగది ఉంటుంది, పెద్దలూ పిన్నలూ ఒక్కచోట ఉండవచ్చు. అందువల్ల అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇటువంటి బస అనుకూలంగా ఉంటుంది. ఇక వరండాలో నుంచి అగ్నిపర్వతం కనిపిస్తుందంటే చెప్పనక్కరలేదు. ప్రకటనలో ఆ మాటకే అగ్రస్థానం.

ఈ ముచ్చటను తప్పుపట్టవలసిన పనిలేదు. 1866లో మార్క్ ట్వేన్ అంతటి రచయిత కిలవేయాను చూడటానికి వెళ్ళి, అగ్నిబిలం అంచున ఉన్న విడిదిలో బసచేశాడు. 1916లో అక్కడ జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 1987లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఏటా పదిలక్షలకు పైగా సందర్శకులు వస్తారు. 2024 డిసెంబరు 23న కిలవేయా శిఖరబిలంలో మొదలైన విస్ఫోటన పరంపరలో లావా ధారలు కొన్ని పర్యాయాలు 300 మీటర్లకు మించి ఎగిశాయి. భూగర్భం తన రహస్యాన్ని కళ్ళెదుట విప్పి చూపుతున్న ఆ దృశ్యాన్ని చూసి చలించని మనిషి ఉండడు. అటువంటి ఆశ్చర్యం మనిషిని వినయవంతుణ్ణి చేస్తుంది. అది మేలైన గుణమే.

అయితే ఆ ఆశ్చర్యం ఎక్కడ ఆగిపోతున్నదన్నదే ప్రశ్న. 'దూరపు కొండలు నునుపు' అన్నారు పెద్దలు. అద్దాల తలుపు వెనుక, మెత్తని కుర్చీలో కూర్చుని చూసేవారికి అగ్నిపర్వతం గోడకు తగిలించిన పటంవలె తోస్తుంది. అది పటం కాదు. కోనా విమానాశ్రయాన్ని నిర్మించినది 1801లో హువలాలై కురిపించిన లావా శిలలపైన. అంటే అక్కడ విమానం దిగిన యాత్రికుడు మొట్టమొదట అడుగుపెట్టేదే అగ్నిపర్వతం మీద. కోనా తీరంలోని కాండోలు ఆ పర్వతపు పాదాన నిలిచి ఉన్నాయి. అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ హవాయి దీవిని లావా ప్రమాదాన్నిబట్టి తొమ్మిది మండలాలుగా విభజించింది. అన్నిటికంటె అపాయకరమైనది ఒకటవ మండలం. అన్నిటికంటె క్షేమకరమైనది తొమ్మిదవది. దీవిలోని ప్రతి ఇల్లూ ఏదో ఒక మండలంలో ఉండవలసిందే. స్థానికులకు తమ ఇంటి మండల సంఖ్య తెలియకపోతే గడవదు. అతిథులలో ఆ అంకెను అడిగి తెలుసుకొనేవారు ఎందరు?

2018లో జరిగిన సంఘటన ఈ ప్రశ్నకు ఎంత విలువ ఉన్నదో చూపింది. కిలవేయాకు తూర్పున ఉన్న పునా జిల్లాలో భూమి చౌక. ఒకటవ మండలమైనా సరే, సొంత ఇల్లు కట్టుకోవాలన్న ఆశతో సామాన్య కుటుంబాలు అక్కడికి చేరాయి. ఆ ఏడాది మే 3న లేలానీ ఎస్టేట్స్ అనే నివాసప్రాంతంలో నేల చీలింది. వీధుల నడుమనుంచి లావా పైకి వచ్చింది. మరునాడు 6.9 తీవ్రతతో భూకంపం సంభవించింది. ఆ తరువాత మొత్తం 24 చీలికలు ఏర్పడ్డాయి. వాటిలో ఎనిమిదవదానినుంచి పొంగిన లావా ఏరువలె పారి సముద్రం చేరింది. జూన్ నెల మొదటి వారంలో కపోహో అఖాతం పూర్తిగా పూడిపోయింది. ఆ అఖాతం ఒడ్డున సముద్రపు మడుగులకు పేరొందిన నివాసప్రాంతం ఒకటి ఉండేది. యాత్రికులకు అద్దెకిచ్చే ఇళ్ళు అందులో చాలా ఉండేవి. దాని పేరు 'వెకేషన్‌లాండ్', అంటే సెలవుల నేల. ఆ సెలవుల నేల కొద్దిరోజులలో లావా కింద అదృశ్యమైపోయింది. చల్లారేసరికి లావా కప్పిన నేల సుమారు 35 చదరపు కిలోమీటర్లు; నేలమట్టమైన ఇళ్ళు ఏడువందలకు పైగా.

ఆ ఇళ్ళలో అద్దెకు ఇచ్చినవీ ఉన్నాయి, యజమానులు కాపురమున్నవీ ఉన్నాయి. అద్దెకు వచ్చినవాడు పెట్టె సర్దుకొని మరొక తీరానికి పోగలడు. అతడు పోగొట్టుకొనేది నాలుగు రోజుల సెలవు. కాపురమున్నవాడు పోగొట్టుకొన్నది ఒక జీవితం. ఒకే కిటికీలోనుంచి ఇద్దరూ ఒకే కొండను చూశారు. కాని ఇద్దరూ చూసినది ఒకటి కాదు.

హవాయి ఆదివాసుల విశ్వాసంలో అగ్నిపర్వతానికి అధిదేవత పేలే. కిలవేయా శిఖరంలోని హలేమవుమవు బిలం ఆమె నివాసం. 2018లో లేలానీ వీధులలో నేల పగిలిన చోట్ల కొందరు పూలూ, పవిత్రంగా భావించే 'టీ' మొక్క ఆకులూ ఉంచి ఆ దేవతకు మొక్కుకున్నారు. ఇల్లు పోతున్నదన్న దుఃఖంలోనూ, ఈ నేల ఆమెదే, ఆమె తీసుకొంటున్నదన్న భావం వారి మాటలలో వినిపించింది. తాను నిలిచిన నేల తనకు శాశ్వతం కాదని ఎరిగినవారి సంస్కారమది.

అదే సమయంలో ఆ లావాను దగ్గరగా చూడాలని ఉబలాటపడినవారూ ఉన్నారు. 2018 జూలై 16న లావా సముద్రంలో కలిసే చోటును చూపడానికి యాత్రికులతో వెళ్ళిన ఒక పడవపై నీటిలో పేలిన లావా ముద్ద వచ్చిపడింది. ఇరవైముగ్గురు గాయపడ్డారు. 'ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్లు' అన్న సామెత తెలుగునాట పుట్టినదే గాని, అది వర్తించే సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. చూడటం నేరం కాదు. ఎదుటివారి విపత్తును వినోదంగా మాత్రమే చూడటం హృదయలోపం.

అగ్నిపర్వతాన్ని కేవలం విధ్వంసక శక్తిగా భావించడం కూడా పొరపాటే. 1990లో కలపానా అనే తీరగ్రామాన్ని లావా కప్పివేసింది. ఆ గ్రామం తిరిగి రాలేదు. కాని కాలక్రమంలో లావా శిల శిథిలమై సారవంతమైన మట్టిగా మారుతుంది. పేరుపొందిన కోనా కాఫీ తోటలు పెరిగేది హువలాలై, మౌనా లోవా వాలులలోనే. ఈ సత్యం తెలుగువారికి దూరమైనది కాదు. వికారాబాదు, జహీరాబాదు పరిసరాలలో కనిపించే నల్లరాతి పొరలు సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల కిందట దక్కను పీఠభూమిపై పరచుకొన్న లావాయే. పత్తి పండించే నల్లరేగడి నేలలలో చాలా భాగం అటువంటి శిల అరిగి ఏర్పడినదే. రైతు నాగలి కింద చల్లారి మెత్తబడిన నిప్పు హవాయిలో ఇంకా వేడిగా ఉన్నది. తేడా కాలానిదే. ఇచ్చేదీ తీసుకొనేదీ ఒక్క అగ్నే అని అక్కడివారికి అనుభవపూర్వకంగా తెలుసు. వరండాలో కూర్చున్న అతిథికి అది చెబితేగాని తెలియదు.

మరొక సంగతి కూడా ఆలోచించదగినది. దీవిలో భూమి పరిమితం. యాత్రికులకు అద్దెకిచ్చే ప్రతి ఇల్లూ అక్కడ పనిచేసే ఉపాధ్యాయుడికో, నర్సుకో దొరకకుండాపోయిన ఇల్లు కావచ్చు. ఈ చిక్కును గుర్తించిన హవాయి కౌంటీ 2018లో ఒక శాసనం చేసింది. యజమాని నివసించని ఇళ్ళను స్వల్పకాలానికి అద్దెకివ్వడాన్ని నిర్ణీత ప్రాంతాలకు పరిమితం చేసి, నమోదును తప్పనిసరి చేసింది. అది 2019 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చింది. యాత్రికులు రాకపోతే స్థానికులకు ఉపాధి ఏదని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. హవాయిలో ఎందరో పర్యాటకంపై ఆధారపడి బ్రతుకుతున్నారు. గదులు శుభ్రం చేసేవారు, వాహనాలు నడిపేవారు, పండ్లు అమ్మేవారు యాత్రికుడి రాకకోసమే ఎదురుచూస్తారు. కాబట్టి రావద్దనడం పరిష్కారం కాదు. ఏ విధంగా రావాలన్నదే విచారించాలి.

మొదటి బాధ్యత ఇల్లు అద్దెకిచ్చేవారిది. అందాన్ని ఎంత పెద్ద అక్షరాలతో ప్రకటిస్తారో అపాయాన్నీ అంత పెద్ద అక్షరాలతో ప్రకటించాలి. ఆ ఇల్లు ఏ లావా మండలంలో ఉన్నది, ఇల్లు విడిచి వెళ్ళమన్నప్పుడు ఏ దారిన పోవాలి, గంధకపు పొగ కమ్మినప్పుడు ఉబ్బసమున్నవారు ఏ జాగ్రత్త పాటించాలి అన్నవి గదిలోకి అడుగుపెట్టగానే కనిపించే చోట ఉండాలి. దృశ్యానికి ఎక్కువ అద్దె తీసుకొనే యజమాని ఆ దృశ్యపు నిజస్వరూపాన్ని దాచడం ధర్మం కాదు.

రెండవ బాధ్యత అతిథిది. తెలుగువారి సంప్రదాయంలో అతిథిని ఆదరించడం గృహస్థు ధర్మం. దానికి జోడుగా అతిథికీ ఒక ధర్మమున్నది. ఆశ్రయమిచ్చిన ఇంటి మర్యాదను కాపాడటమే ఆ ధర్మం. చట్టబద్ధంగా నమోదైన బసనే ఎంచుకోవాలి. మూసిన దారులను దాటకూడదు. లావా శిలలను జ్ఞాపికలుగా ఏరి తెచ్చుకోకూడదు. కొండ పేరును సరిగా పలకడం నేర్చుకోవాలి. ఆ పేరు వెనుకనున్న కథను వినాలి. 2022 నవంబరులో 38 సంవత్సరాల తరువాత మౌనా లోవా మేల్కొన్నప్పుడు వేలాదిమంది రాత్రివేళ రహదారి పక్కన చేరి ఆ వెలుగును చూశారు. లావా ఆ రహదారికి మూడు కిలోమీటర్లలోపు దూరం వరకు వచ్చి ఆగింది. అది దీవి రెండు తీరాలను కలిపే ముఖ్యమైన దారి. లావా ఆగకుండా ముందుకు సాగి ఉంటే చూడవచ్చినవారు చూసి వెళ్ళిపోయేవారు. తెగిన దారితో అవస్థపడేవారు స్థానికులు. ఆ వెలుగును చూస్తున్నప్పుడు ఈ ఒక్క ఆలోచన మనసులో మెదిలితే చాలు, చూపు సంస్కారవంతమవుతుంది.

అద్దె చెల్లించినవారికి దక్కేది గది మాత్రమే. కొండ ఎవరికీ అద్దెకు దొరకదు. అది దాని నీడలో పుట్టి, దాని మట్టిలో పండించుకొని, దాని నిప్పులో పోగొట్టుకొని, మళ్ళీ దాని పక్కనే గుడిసె వేసుకొనేవారి కొండ.

ప్రవరుడి కథలో చివరి ఘట్టం ఇక్కడ స్మరణీయం. దారితప్పిన ఆయనను ఇల్లు చేర్చినది ఆయన నిత్యమూ ఆరాధించిన అగ్నిదేవుడే. నిప్పును వేడుకగా గాక దైవంగా ఎరిగినవాడు కాబట్టి ఆ నిప్పు ఆయనకు దారిచూపింది. కిటికీలోనుంచి అగ్నిపర్వతాన్ని చూసే ప్రతి యాత్రికుడూ క్షేమంగా ఇల్లు చేరాలి. చేరేటప్పుడు ఛాయాచిత్రాలతోపాటు ఆ కొండ గుణాన్నీ, దాని చెంత బ్రతికేవారి సుఖదుఃఖాలనూ కొంతైనా తెలుసుకొని వెళ్ళాలి. యాత్రకు ప్రయోజనమదే.